పీఠం మీది ఓటు

శాసనమండలి అధ్యక్షురాలు మధ్యాహ్నభోజనం ఎవరితోనూ కలిసి చేయకూడదని ఏ చట్టంలోనూ రాసి లేదు. అయినా గ్లెనిస్ పర్డన్ ఆ పీఠం ఎక్కిన నాటి నుంచీ తన గదిలో ఒక్కతే తింటోంది. సభ్యుల భోజనశాలలో ఎవరి బల్ల దగ్గర కూర్చున్నా, వాళ్ళవైపు మొగ్గిందని అవతలివాళ్ళకు అనిపిస్తుంది. ఆమెకు ముందున్నవాళ్ళంతా అలాగే ఈ గదిలో, ఈ కిటికీ వైపు చూస్తూ తిని వెళ్ళిపోయారు. ఆ రోజు ట్రేలో వచ్చిన గుమ్మడికాయ సూపు చల్లారిపోతుంటే, ఆమె ఫోను చెవికి ఆనించుకుని తమ్ముడు చెప్పేది వింటోంది.

"ఇవాళేనా?" అన్నాడు కెల్.

"ఇవాళే."

"నువ్వేమైనా మాట్లాడతావా?"

"నేను మాట్లాడకూడదు కదా కెల్. నీకు తెలుసు."

"తెలుసులే. అడిగితే పోయేదేముందని అడిగా." ఫోనులో గాలి హోరు వినిపించింది. రేవు దగ్గరే ఉన్నట్టున్నాడు. "పదిహేనుమందిలో మన దీవుల తరఫున పంపింది ఒక్కదాన్ని. ఆ ఒక్కదాన్నీ కుర్చీలో కూర్చోబెట్టి నాలుక కోసేశారు. ఇంతకీ మేం ఓటేసింది నీకా, ఆ కుర్చీకా అక్కా?"

ఆమె నవ్వబోయి ఊరుకుంది. వాడు నవ్వడం లేదు.

"సామాను పడవెక్కించమంటావా, వద్దా? అదొక్కటి చెప్పు. ఉప్పు బస్తాలు తడిస్తే మళ్ళీ పనికిరావు."

"సాయంత్రం దాకా ఆగు."

"ఆగక ఏం చేస్తాం," అని పెట్టేశాడు.

జనవరి అంటే ఆ దక్షిణపు దేశంలో నడివేసవి. సభలు సెలవుల్లో ఉండగా, మంత్రిగారి సంతకంతో ఒక ఉత్తర్వు వెలువడింది. ఈ శరత్కాలంలో టస్సక్ దీవిలో ఎవరూ మటన్ పిట్టల్ని, అంటే నేలబొరియల్లో పిల్లల్ని పెట్టే ఆ సముద్రపు పిట్టల్ని, పట్టకూడదని. అంతే, రెండు వాక్యాలు. ఆ రెండు వాక్యాలతో పర్డన్ కుటుంబానికీ, వాళ్ళలాంటి మరికొన్ని ఆదివాసీ కుటుంబాలకూ సంవత్సరంలో ఉన్న ఒకే ఒక్క పిట్టల నెల, ఏప్రిల్, పోయింది.

ఆ నెల అంటే ఏమిటో మండలిలో గ్లెనిస్‌కు తప్ప ఎవరికీ తెలియదు. తల్లిపిట్టలు సముద్రం మీద తిండికి పోతాయి. బొరియల్లో పిల్లలు కొవ్వుపట్టి బంతుల్లా ఉంటాయి. బోర్లా పడుకుని చెయ్యి భుజం దాకా బొరియలోకి దూర్చాలి. వెచ్చగా తగిలితే పిట్ట, చల్లగా తగిలితే పాము. ఏడేళ్ళప్పుడు అమ్మ ఆ తేడాను ఆమె చేతికి నేర్పింది. పట్టిన పిట్టల్ని పొడుగు కర్రకు గుచ్చి భుజాన వేసుకుని షెడ్డుకు మోసుకొస్తే, అక్కడ వేడినీళ్ళలో ముంచి ఈకలు పీకి, కోసి, ఉప్పు పట్టించి పీపాల్లో నింపేవారు. ఆ నూనెవాసన జూన్ దాకా జుట్టును వదిలేది కాదు. పట్నంలో కాలేజీకి వెళ్ళినప్పుడు ఆ కుటుంబంలో అంత పెద్ద చదువుకు వెళ్ళింది తనే. హాస్టల్లో పక్కమంచం పిల్ల ముక్కు మూసుకుంటే, ఆ సంవత్సరం మాత్రం పిట్టలకు వెళ్ళలేదు. మరుసటి సంవత్సరం వెళ్ళింది. ముక్కు మూసుకుంటే మూసుకోనీ అనుకుంది.

ఇక ఆ ఉత్తర్వు సంగతి. పిట్టలు, రోడ్లు, వలకన్నుల కొలతలు, ఇలా ప్రతిదాన్నీ సభలో కూర్చుని తేల్చలేమని పాతకాలం సభ్యులు ఒక చట్టం చేసి, చిన్నచిన్న విషయాల్లో ఉత్తర్వులిచ్చే అధికారం మంత్రులకు అప్పజెప్పారు. తాళంచెవి మంత్రి చేతికిచ్చి, మారుతాళం తమ దగ్గర ఉంచుకున్నారు. ఉత్తర్వు వెలువడిన రోజు నుంచే అది చట్టం. సభకు నచ్చకపోతే తర్వాత కూర్చుని రద్దు చేయవచ్చు. రెండు సభల్లో ఏ ఒక్కటి కాదన్నా ఉత్తర్వు పోతుంది. కింది సభలో మంత్రిగారి పార్టీదే బలం కాబట్టి అక్కడ ఆశ లేదు. మిగిలింది మండలి. ఇక్కడ సగానికి సగం మంది ఏ పార్టీకీ చెందనివాళ్ళు, ఎవరి మనసు వాళ్ళది. రద్దు తీర్మానం పెట్టింది ఇంగ్రిడ్ సోమర్స్ అనే స్కూలు టీచరు. దీవులు ఎప్పుడూ చూడకపోయినా, అడగకుండా ఒకరి పని ఆపడం తప్పని ఆమెకు తోచింది.

మధ్యాహ్నం చర్చ మొదలైంది. మంత్రిగారి తరఫున మండలిలో మాట్లాడేది మార్కస్ వేన్. అతను చెడ్డవాడు కాడు. సముద్రం వేడెక్కిందనీ, రెండేళ్ళుగా చచ్చిన పిట్టలు ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయనీ, ఒక్క శరత్తు వాటికి విశ్రాంతి ఇద్దామనీ మెల్లగా చెప్పాడు.

అందులో అబద్ధం లేదని గ్లెనిస్‌కు తెలుసు. పడమటి వాలులో సగం బొరియలు ఖాళీగా ఉన్నాయని కెల్ కూడా క్రిస్మస్‌కే చెప్పాడు. ఆ వాలును ఈసారి ముట్టుకోకూడదని కుటుంబాలన్నీ అప్పుడే అనుకున్నాయి. వాళ్ళమ్మమ్మ కాలంలోనూ పిట్టలు తగ్గినప్పుడు ఒక వాలును వదిలేసి తక్కినవాటిలో పట్టేవారు. ఎప్పుడు ఆపాలో దీవిలో ఉన్నవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ మాట చెబితే ఇద్దరు ముగ్గురి మనసైనా మారేదేమో. కానీ సభలో ఈ మాట తెలిసిన ఒకే ఒక్క మనిషి పీఠం మీద కూర్చుని ఉంది. ఇంగ్రిడ్‌ను గదికి పిలిచి చెవిలో చెప్పడం కూడా పక్షం వహించడమే. కెల్‌నే ఇంగ్రిడ్‌కు ఫోను చేయమంది ఆమె. "పట్నం టీచరమ్మ దగ్గర దేబిరించడానికి నిన్ను గెలిపించలేదు," అని వాడు చెయ్యలేదు.

ఎవరో వెనకవరుస సభ్యుడు లేచి, "అంతకీ ఎవరు తింటారండీ ఆ జిడ్డుపిట్టల్ని?" అన్నాడు. కొందరు నవ్వారు.

"గౌరవ సభ్యులు విషయానికి పరిమితం కావాలి," అంది గ్లెనిస్. చర్చ సాగినంతసేపూ ఆమె మాట్లాడింది అదొక్కటే.

లెక్క ఆమెకు ముందే తెలుసు. రద్దుకు ఆరుగురు, వద్దని ఎనిమిదిమంది. తీర్మానం ఓడిపోతుంది. ఉదయం నుంచీ ఆ ఓటమిని తలుచుకున్నప్పుడల్లా లోపల ఎక్కడో కాస్త నెమ్మదిగా ఉంటోంది. ఓడితే ఓడనీ, నా చేతి మీదుగా మాత్రం కాదు అనుకుంటోంది. ఆ నెమ్మది సిగ్గుపడాల్సిన విషయమని ఆమెకు తెలుసు. అయినా దాన్నే పట్టుకుని కూర్చుంది.

ఓటింగు గంటలు మోగాయి. ఇసుక గడియారం తిరగేశారు. ఇసుక జారిపోయాక తలుపులు వేశారు. రద్దు కావాలనేవాళ్ళు పీఠానికి కుడివైపు, వద్దనేవాళ్ళు ఎడమవైపు కూర్చోవాలి. అందరూ సర్దుకున్నాక ఎడమవైపు వరుసలో ఊతకర్ర టకటకమంది. బర్ట్ థ్రెల్‌ఫో లేచాడు.

బర్ట్ ముప్పై ఏళ్ళుగా మండలిలో ఉన్న బంగాళాదుంపల రైతు. ఐదేళ్ళ కిందట గ్లెనిస్‌ను ఎన్నుకున్న రోజున, ఆచారం ప్రకారం ఇద్దరు సభ్యులు ఆమె చెరో చెయ్యీ పట్టుకుని పీఠం దాకా లాక్కెళ్ళారు. ఎన్నికైనవాళ్ళు ఇష్టం లేనట్టు వెనక్కి గుంజుకోవాలి, అందరూ నవ్వాలి. ఆ ఇద్దరిలో ఒకడు బర్ట్. "ఏమిటే గ్లెన్, నిజంగానే గింజుకుంటున్నావు?" అని చెవిలో అన్నాడు అప్పుడు.

ఇప్పుడు ఆ బర్ట్ మోకాలు ఈడ్చుకుంటూ సభ మధ్య నుంచి నడిచి కుడివైపు వచ్చి కూర్చున్నాడు. కూర్చుని ఆమె వైపు చూసి, తలను ఒక పిసరు ఊపాడు. పుట్టినరోజు కానుక బల్ల మీద పెట్టి పక్కకు తప్పుకున్న మనిషిలా ఉంది ఆ ముఖం.

సభా కార్యదర్శి మొయిరా లెక్క చూసి మెట్టెక్కి వంగింది. "ఏడూ ఏడు, మేడం," అంది గుసగుసగా. "ఇక మీ ఓటే."

పీఠం మీద ఉన్నవాళ్ళకు మామూలుగా ఓటు ఉండదు. ఇలా సరిసమానంగా వచ్చినప్పుడు మాత్రం ఒక ఓటు ఉంటుంది. ఆ ఓటును ఎలా వేయాలో చట్టం చెప్పదు, ఆచారం చెబుతుంది. సభ తేల్చుకోలేకపోతే, పీఠం దేన్నీ మార్చకూడదు. ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచాలి.

ఉన్నది అంటే ఏది? గ్లెనిస్ చేతులు ఒడిలో పెట్టుకుని అదే ఆలోచించింది. జనవరికి ముందు వందల ఏళ్ళుగా ఉన్నది పిట్టలు పట్టడం. జనవరి తర్వాత ఉన్నది పట్టకూడదన్న ఉత్తర్వు. కావాలంటే మొదటిదాన్ని పట్టుకోవచ్చు. అందుకు తగిన మాటలు కూడా ఆమెకు తోచాయి, మంచి మాటలే. వాటిని కాదనగలిగే మనిషి సభలో లేడు. ఆ మాటలు ఎంత సులువుగా వచ్చాయో చూసుకుని ఆమె భయపడింది.

ఎందుకంటే మూడేళ్ళ కిందట నదుల్లో వలలు వేయకూడదన్న ఉత్తర్వు మీద ఇలాగే సమానంగా వచ్చింది. పడమటి నదుల మీద బతికే జాలర్లు పైన గ్యాలరీలో కూర్చుని ఉన్నారు. అప్పుడు ఆమె ఆచారం ప్రకారమే ఓటేసింది. ఉత్తర్వు నిలిచింది. బయట మెట్ల మీద ఒక ముసలి జాలరి ఎదురొస్తే, "పీఠానికి ఊరు లేదు పెద్దాయనా," అంది. అతను టోపీ తీసి, తలూపి, దిగి వెళ్ళిపోయాడు. ఇవాళ ఆ పీఠానికి ఊరు పుట్టుకొచ్చిందంటే, ఆ టోపీ తీసిన మనిషికి ఏమని చెప్పాలి?

ఇంకొకటి కూడా. మంత్రి ఒక్కడే కూర్చుని, ఎవరినీ అడక్కుండా, ఒక సంతకంతో దీన్ని చట్టం చేశాడన్నదే కదా అందరి కోపం. ఇప్పుడు తను ఒక్కతే కూర్చుని, ఒక మాటతో తీసేస్తే, అందులో సభ ఎక్కడుంది?

ఆమె లేచి నిలబడింది.

"సభ రెండుగా చీలి సమానంగా నిలిచింది. రద్దు చేయడానికి కావలసిన మెజారిటీ సభలో ఏర్పడలేదు. లేని మెజారిటీని పీఠం సృష్టించకూడదు. నా ఓటు 'కాదు' వైపు వేస్తున్నాను. తీర్మానం వీగిపోయింది."

తర్వాతి అంశం ఊరపంది కంచెల గురించి. దాన్ని చదవమని మొయిరాకు చెప్పింది.

సభ ముగిశాక బర్ట్ ఆమె గదికి వచ్చాడు. తలుపు కొట్టకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఈ మోకాలితో నీకోసం అంత దూరం నడిచాను గ్లెన్. నువ్వేమో పైన నిలబడి శాస్త్రం చదివావు."

"నన్నొక మాట అడగాల్సింది బర్ట్."

"అడిగితే చెప్పేదానివా?"

"చెప్పేదాన్ని కాదు."

"మరింకేం అడగను? మీ అమ్మ బతికున్నన్నాళ్ళూ ప్రతి చలికాలం మా ఇంటికి పీపా పంపేది. మా ఆవిడ తిట్టుకుంటూ వండేది. నేను లొట్టలేస్తూ తినేవాణ్ణి. ఆ పెద్దావిడ కూతురి చేతికి ఒక్క ఓటు అందిస్తే చాలు, మిగతాది తనే చూసుకుంటుంది అనుకున్నా."

గ్లెనిస్ నల్ల గౌను విప్పి కొక్కేనికి తగిలించింది. "నువ్వు అటే కూర్చుని ఉంటే ఎనిమిదిమంది కలిసి ఆ తలుపు మూసినట్టుండేది. ఇప్పుడు నేనే మూసినట్టయింది. మా తమ్ముడి ముఖం మీద."

ముసలాయన వచ్చి ఎదుటి కుర్చీలో కూలబడ్డాడు.

"అది నాకు తోచలేదే," అన్నాడు. "ముప్పై ఏళ్ళున్నాను ఇక్కడ. నాకు తోచలేదు."

"నాకు మేలు చేద్దామనే చేశావు. తెలుసు."

"పోనీ, ఇవాళ కిందికి రా. కలిసి తిందాం. ఎవడేమనుకుంటే అనుకోనీ."

వెళ్ళాలనే ఉంది ఆమెకు. కింద గిన్నెల చప్పుడు, నవ్వులు వినిపిస్తున్నాయి. "నేనింకా పీఠంలోనే ఉన్నాను బర్ట్," అంది.

అతను కర్ర ఊతంగా లేచి వెళ్ళిపోయాడు. ఆమె కెల్‌కు ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఆ వారమంతా ఆమె ఫోను చేస్తూనే ఉంది, అక్కడ అది మోగుతూనే ఉంది.

ఏప్రిల్‌లో సభకు విరామం వచ్చాక ఆమె బయలుదేరింది. పెద్ద దీవి దాకా చిన్న విమానం, అక్కడి నుంచి డార్బీ పడవ. డార్బీ ఆమెతో బడిలో చదివినవాడు. ఇదివరకు ఈ రోజుల్లో అతని పడవలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. పిల్లలు, కుక్కలు, పిండి బస్తాలు, పరుపులు. ఇప్పుడు ఆమె ఒక్కతే ఉంది.

"ఖాళీ దీవికి ఏం పనమ్మా అధ్యక్షురాలుగారూ? తనిఖీకా?" అన్నాడు.

"కెల్ అక్కడే ఉన్నాడటగా."

"ఉన్నాడు. పిట్టలు వద్దన్నారు గానీ రేకులు వద్దనలేదుగా. షెడ్డు కప్పు బాగుచేసుకుంటున్నాడు." కాసేపాగి, "నేను నిన్నేమీ అనను గ్లెన్. తక్కినవాళ్ళంతా అనేశారు, నాకేం మిగల్లేదు," అన్నాడు.

షెడ్డు పొయ్యిలో బూడిద లేదు. ఈకలు పీకే బల్లల మీద పాలిథీన్ పట్టా కప్పి రాళ్ళు పెట్టారు. నూనెవాసన గోడల్లోంచి మాత్రం వస్తోంది, పాతది. కెల్ కప్పు మీద నుంచి ఆమెను చూసి, రెండు మేకులు కొట్టాక దిగాడు.

"చిక్కిపోయావు," అన్నాడు.

"ఫోను ఎత్తలేదు నువ్వు."

"ఎత్తితే ఏదో ఒకటి అనేవాణ్ణి." ఫ్లాస్కులోంచి మూతలోకి టీ వంచి ఆమెకిచ్చాడు. "బర్ట్ ఫోను చేశాడు. ఏడ్చాడు ముసలాడు. తప్పంతా నాదే, మీ అక్కను ఏమీ అనకు అన్నాడు. నేనెందుకు అంటానయ్యా, దానికి నోరుంటే కదా అన్నాను."

"నేను చేసింది తప్పంటావా?"

కెల్ తొందరపడలేదు. "కాదు. ఆలోచించాను. నువ్వు అటువైపు వేసి ఉంటే, రేపు ఇంకో కుర్చీలో ఇంకొకడు వాడి బామ్మర్ది కోసం వేస్తాడు. అది నాకూ తెలుసు. అంత మొద్దును కాను." చేతులకున్న తుప్పు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "అది కాదు నా కడుపుమంట. ఆ రోజు సభలో ఎవడో జిడ్డుపిట్టలన్నాడట. పడమటి వాలు మనమే వదిలేశామని చెప్పేవాళ్ళు లేరు. ఓడిపోయామంటే అలవాటే, ఎన్నిసార్లు ఓడిపోలేదు? మన మాట పలకకుండానే ఓడిపోయాం చూడు, అదీ."

గ్లెనిస్ టీ తాగకుండా మూతను అలాగే పట్టుకుంది.

"దిగిపో అక్కా అందులోంచి. కింద నిలబడి అరిచి ఓడిపో. అప్పుడు మేమూ నీతోపాటు ఓడిపోతాం."

"కిందికి దిగితే నాకుండేది ఒక్క ఓటే కెల్."

"ఇప్పుడెన్నున్నాయి?"

వాడు జవాబు కోసం చూడకుండా నిచ్చెనెక్కి మళ్ళీ కప్పు మీదికి పోయాడు. ఆమె ఒంటరిగా బొరియల వైపు నడిచింది. అలవాటుగా ఒక బొరియ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది, చెయ్యి మాత్రం పెట్టలేదు. అలా పెట్టడం ఇప్పుడు నేరం. లోపల పిట్టపిల్ల కదిలిన చప్పుడు వినపడింది. గాలికి గడ్డి ఒకేవైపు వంగింది. సుత్తి దెబ్బలు తప్ప దీవి మీద మనిషి అలికిడి లేదు. ఇన్నేళ్ళలో ఈ నెలలో ఈ దీవిని ఇంత నిశ్శబ్దంగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

డార్బీ హారన్ కొట్టాక రేవుకు వచ్చింది. కెల్ దిగిరాలేదు, పైనుంచే చెయ్యెత్తాడు. రేవులో సిగ్నలు అందే చోట నిలబడి ఆమె మొయిరాకు ఫోను చేసింది.

"అధ్యక్షులు పదవి వదులుకోవాలంటే ఎవరికి రాయాలి?"

"గవర్నరుకండీ. కానీ ఎందుకు మేడం? ఎవరూ మిమ్మల్ని వేలెత్తి చూపలేదే. అందరూ మెచ్చుకుంటున్నారు."

"విన్నాను," అంది గ్లెనిస్. "సోమవారం వస్తాను. ఆ కాగితం సిద్ధం చేసి ఉంచండి."

"మరి మీ సీటు?"

"వెనకవరుసలో ఏదో ఒకటి ఉంటుందిగా."

పడవ కదిలింది. దీవి చిన్నదైపోయింది. షెడ్డు కప్పు మీద మనిషి ముందు కనిపించాడు, తర్వాత కనిపించలేదు. సభ మళ్ళీ కూర్చునేసరికి ఈ శరత్తు అయిపోతుంది. పిట్టలు ఎగిరిపోయి ఉంటాయి. అదే తీర్మానాన్ని ఈ సమావేశాల్లో మళ్ళీ పెట్టడానికీ వీల్లేదు. అప్పటికి ఆ పీఠం మీద ఎవరుంటారో, తన మాటను ఎంతసేపు సాగనిస్తారో తెలియదు. పడమటి వాలు సంగతి ఎక్కడ మొదలుపెట్టాలి? అమ్మమ్మ దగ్గరా, క్రిస్మస్ దగ్గరా?

ఆమె రైలింగు పట్టుకుని నిలబడి, గొంతు సవరించుకుంది.

"అధ్యక్షా," అంది నీళ్ళవైపు చూస్తూ.

ఐదేళ్ళుగా రోజూ తను వింటున్న మాటే. తన నోటితో అని చాలాకాలమైంది. గాలికి అది ఆమె చెవికే సరిగ్గా అందలేదు. ఇంకాస్త గట్టిగా అంది.

"ఏమన్నావు?" అని అరిచాడు డార్బీ ఇంజను పక్క నుంచి.

"నీతో కాదు," అంది గ్లెనిస్. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.